అట్టకత్తి, అస్లంఖాన్, మేము

2017 వేసవి. బాహుబలి రెండో భాగం వచ్చిన రోజులు. తాండూరులో మా ఆపా ఇంటికి పోతే ఆమె చిన్నకొడుకు గడపలో కూచొని ఉన్నాడు. తొమ్మిదేళ్ళవాడు. చేతిలో అట్టకత్తి. కూలరు డబ్బా అట్ట కోసి, పిడికి నల్లటేపు చుట్టి, అంచుకు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం అతికించాడు. కత్తి బాగా కుదిరింది. ముఖం మాత్రం మాడిపోయి ఉంది. ఏమైందిరా అంటే, "మామూ, ఎప్పుడాడినా నన్నే కాలకేయుడ్ని చేస్తున్రు" అన్నాడు.

లోపల్నుంచి ఆపా కేకేసింది. "ఆడుకుంటే ఇంట్లో ఆడుకో. ఆ కత్తి పట్టుకొని సడక్ మీదికి పోకు."

అది అట్ట అని ఆమెకూ తెలుసు. అయినా ఆ మాట అంది. ఎందుకన్నావని నేను అడగలేదు. అడగాల్సిన పని మా ఇళ్ళల్లో ఉండదు. బక్రీదు ముందు ఛురీ సానపట్టించడానికి పోయేటప్పుడు మా అబ్బా దాన్ని పాత పేపర్లో చుట్టి, ఆ చుట్టను సిమెంటు సంచిలో పెట్టి, సంచిని సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకొని పోయేవాడు. అదే బజారులో కసాయి పనికీ కొబ్బరిబోండాలకూ కత్తులు బాహాటంగానే తిరుగుతుండేవి. మా సంచిలోని కత్తికి మాత్రం మా పేరు ఉండేది.

పిల్లల మనసులో విషముందని నేననను. వాళ్ళు మావాడితో కలిసి తిన్నారు, కలిసి ఈత కొట్టారు. వాళ్ళు సినిమా చూశారు. సినిమాలో ఎవరి స్థానం ఎక్కడో చూసి నేర్చుకున్నారు. గుంపులో తక్కువమంది ఎవరో లెక్కపెట్టుకున్నారు. అంతే. అందుకే ఈ వ్యాసం పిల్లల గురించి కాదు. వాళ్ళు చూసినదాని గురించి. నేను కూడా నోరు తెరుచుకొని, ఈలలు వేసుకుంటూ చూసినదాని గురించి.

ముందు నా ఇష్టాన్ని ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా రాస్తే ఇది కోపం మాత్రమే అవుతుంది.

తాండూరంటే నాపరాళ్ళు, కందిపప్పు. మా అబ్బా నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. శుక్రవారం జుమ్మా నమాజు, ఆదివారం రాత్రి సినిమా. రెండూ తప్పేవి కావు. నేల టికెట్టు కొని, తువ్వాల పరుచుకొని కూచునేవాళ్ళం. పాత కాంతారావు సినిమాలు తిరిగి తిరిగి వచ్చేవి. కత్తి కాంతారావు అని జనం ముద్దుగా పిలుచుకున్న ఆయన పుట్టింది కోదాడ దగ్గరి గుడిబండ, అంటే మన తెలంగాణ మనిషే. ఎదుట రాజనాల. తీసింది విఠలాచార్య. 1960ల నుంచి ఆయన తీసిన బందిపోటు, అగ్గిపిడుగు, జ్వాలాద్వీప రహస్యం, గండికోట రహస్యం లాంటివి, ఆ తర్వాత 1978లో జగన్మోహిని. ఖర్చు తక్కువ, మంటలు ఎక్కువ. ఆయన ఉడుపి నుంచి వచ్చినవాడు. తెలుగు పల్లెకు ఏం కావాలో ఆయనకు తెలిసినంతగా చాలామంది తెలుగువాళ్ళకు తెలియదు.

హీరో కొండరాయి ఎత్తి విసిరితే మా అబ్బా గట్టిగా నవ్వేవాడు. బండ బరువు ఆయనకు తెలుసు. భుజానికి తెలుసు, నడుముకు తెలుసు. కత్తియుద్ధం మొదలైతే మాత్రం నవ్వేవాడు కాదు. ముందుకు వంగి చూసేవాడు. ఎందుకో నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది.

కత్తియుద్ధం పనిమంతుడి యుద్ధం. తుపాకీ ఉన్నవాడు దూరంగా నిలబడి చంపుతాడు. డబ్బున్నవాడు మనుషుల్ని పెట్టి చంపిస్తాడు. కత్తి పట్టినవాడు ఎదుటివాడికి చేయంత దూరంలో నిలబడాలి. అక్కడ రాజైనా తోటమాలి కొడుకైనా దూరం ఒక్కటే. పాతాళభైరవిలో తోటరాముడు తోటమాలి కొడుకే కదా. రాకుమారిని చేసుకోవాలంటే రాజుతో సమానంగా సంపద తెమ్మంటారు వాణ్ణి. ధైర్యం ఒక్కటే పెట్టుబడిగా వెళ్ళి తెస్తాడు. నిజజీవితంలో గుత్తేదారు లెక్కలో మోసం చేస్తే మా అబ్బా ఏ ఆఫీసుకు పోవాలి? ఏ కాగితం రాయించాలి? ఎన్నాళ్ళు తిరగాలి? తెర మీద ఆ తిరుగుడు లేదు. అన్యాయం చేసినవాడు ఎదురుగా ఉంటాడు, వాడి ముఖం కనిపిస్తుంది, పదిహేను నిమిషాల్లో తీర్పు వస్తుంది. జానపద సినిమా మూఢనమ్మకమనీ, పలాయనమనీ మన అభ్యుదయ విమర్శకులు ఎన్నోసార్లు తీసిపారేశారు. నేలటికెట్టు మీద కూచొని ఒక్కసారి చూసి ఉంటే అంత తేలిగ్గా అనేవాళ్ళు కారు. పగలంతా రాయి కొట్టినవాడికి న్యాయం కంటికి కనబడే ఆకారంలో ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంకో కారణం కథల్లోనే ఉంది. ఆ కథలు మాకు కొత్త కాదు. మా దాదీ రాత్రిపూట అమీర్ హమ్జా కథలు చెప్పేది. తిలిస్మ్ అంటే మాయాలోకం. ఒకడు కట్టిన మాయను ఇంకొకడు తెంచాలి. అయ్యార్ అంటే వేషాలు మార్చే గూఢచారి, జోలెలో లోకమంతా పెట్టుకొని తిరిగేవాడు. ఈ దాస్తాన్లు అక్బరు కొలువులో దాదాపు 1400 బొమ్మలుగా గీయబడ్డాయి. లక్నోలో నవల్‌కిశోర్ ప్రెస్సు వీటిని 46 సంపుటాలుగా అచ్చువేసింది. దాదీకి ఇవేవీ తెలియవు. ఆమెకు అచ్చు అక్షరం రాదు. ఆమె దగ్గర ఉన్నది విన్న కథ. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఉందని తెరమీద చెబితే, పక్కవాళ్ళు ఆశ్చర్యపోతుంటే, నేను "ఇది దాదీ కథే" అనుకునేవాణ్ణి.

గోలకొండ కూడా ఇలాంటి కథల కార్ఖానాయే. 1609లో వజ్హీ కుతుబ్ ముష్తరీ రాశాడు. దఖనీ భాషలో రాకుమారుడు, ప్రయాణం, ప్రేమ, మధ్యలో రాక్షసులు. గవ్వాసీ సైఫుల్ ములూక్ కథను వెయ్యిన్నొక్క రాత్రుల నుంచి దఖనీలోకి తెచ్చాడు. అదే గవ్వాసీ 1639లో తూతీనామా రాశాడు. దాని మూలం పారశీకం, ఆ పారశీకానికి మూలం సంస్కృత శుకసప్తతి. అంటే మన చిలక ఇక్కణ్ణుంచి పారశీక భాషలోకి పోయి, అక్కడ కథ చెప్పి, మళ్ళీ గోలకొండకు వచ్చి వాలింది. ఎవరి కథ అని అడిగితే చిలక ఏం చెప్పాలి?

తెలుగు సినిమాకు ఈ దారి బాగా తెలుసు. 1951లో వచ్చిన పాతాళభైరవిలో కాశీమజిలీ కథల వాసన ఉంది, అల్లావుద్దీన్ దీపం వెలుగూ ఉంది. దీపం స్థానంలో ప్రతిమ వచ్చింది. పింగళి రాసి, కె.వి.రెడ్డి తీస్తే అది అచ్చ తెలుగు కథ అయి కూచుంది. 1962 నాటి గులేబకావళి కథలో రాకుమారుడు హిందూ రాకుమారుడైపోయాడు. పువ్వు పేరు మాత్రం మారలేదు. గుల్ అంటేనే పువ్వు. ఇట్లా తీసుకోవడం దొంగతనమని నేననను. కథలకు పట్టాపాసుపుస్తకాలు ఉండవు. నా ప్రశ్న వేరే. కథ తెచ్చుకున్నప్పుడు, కథ చెప్పినవాళ్ళను ఎక్కడ వదిలిపెట్టి వచ్చారు?

1949లో లైలా మజ్నూ తెలుగులో వచ్చింది. అక్కినేని, భానుమతి. ఎడారి, గుడారాలు, తలపాగాలు. మద్రాసు ఊగిపోయింది. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య. ఆ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ అని చెప్పింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే ఉంది. మా తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోదే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మద్రాసు స్టూడియోలో అరబ్బు తలపాగా అందమైంది. హైదరాబాదు రాజ్యపు పల్లెల్లో టోపీ దాచుకోవాల్సి వచ్చింది. సినిమావాళ్ళు కుట్ర చేశారని కాదు. వాళ్ళకు ఆ ఊళ్ళు తెలియనే తెలియవు. కానీ ఒక అలవాటు అక్కడ స్థిరపడింది. దూరపు సాయిబు అందగాడు, దగ్గరి సాయిబు అనుమానం. తర్వాత 1955లో అనార్కలి వచ్చింది. 1968లో బాగ్దాద్ గజదొంగ, 1970లో ఆలీబాబా 40 దొంగలు. రామారావు బాగ్దాదు వీధుల్లో పాడుతుంటే మేం మురిసిపోయాం. మా పేర్లు వినబడుతున్నాయని మురిసిపోయాం. ఆ బాగ్దాదు నుంచి తాండూరుకు రైలు లేదన్న సంగతి సినిమా అయిపోయాక కూడా తట్టలేదు.

హాలీవుడ్డు కూడా ఇదే బాగ్దాదును కట్టింది. 1940లో వచ్చిన థీఫ్ ఆఫ్ బాగ్దాద్‌లో దొంగపిల్లవాడి వేషం వేసింది సాబూ. మైసూరు రాజ్యంలో కారాపుర అనే ఊళ్ళో 1924లో పుట్టిన మావటివాడి కొడుకు. మన పక్క రాష్ట్రపు ముస్లిం పేదపిల్లవాడు లోకమంతా చూసిన కత్తుల సినిమాలో ముఖ్యపాత్ర వేశాడు. తెలుగు జానపద సినిమా తన చుట్టూ ఉన్న మావటివాళ్ళ పిల్లల్ని అట్లా చూసిందా?

ఇప్పటి సినిమాలకు వద్దాం. కత్తుల సినిమాను మళ్ళీ నిలబెట్టినవాడు రాజమౌళి. నేను ఆయన్ను ముస్లిం ద్వేషి అనను. ఆయన సినిమాల్లో ముస్లిం పాత్రలకు మర్యాద ఉంటుంది. చాలామంది దర్శకుల్లా గడ్డం పెట్టి బాంబు చేతికివ్వలేదు. అందుకే ఆయన సినిమాలనే తీసుకుంటున్నాను. మంచి మనసుతో తీసినా ఏం జరుగుతుందో అక్కడ తెలుస్తుంది.

2009 మగధీరలో షేర్‌ఖాన్. శ్రీహరి వేశాడు. 1609లో దండెత్తి వచ్చిన సుల్తాను. కాలభైరవుడి కత్తిపనికి ఆశ్చర్యపోయి, శత్రువైనా అతన్ని మెచ్చుకుంటాడు. వచ్చే జన్మలో అండగా నిలుస్తాడు. కానీ ఆ జన్మలో అతని పేరు సాల్మన్. మెచ్చుకోవడానికి ముస్లిం, తోడుండటానికి మళ్ళీ పుట్టాలి, పేరు మారాలి. సినిమావాళ్ళు ఎంచుకున్న ఆ 1609, గోలకొండలో వజ్హీ కుతుబ్ ముష్తరీ రాసిన సంవత్సరమే. అదే ఏడాది తెలుగునేల మీద ఒక ముస్లిం ప్రేమకథ రాస్తున్నాడు. తెర మీద మాత్రం ఆ ఏడాది ముస్లిం దండెత్తి వచ్చాడు.

2015 బాహుబలిలో అస్లంఖాన్. సుదీప్ వేశాడు. పారశీక దేశం నుంచి కత్తులు అమ్మడానికి మాహిష్మతికి వస్తాడు. కట్టప్పతో కత్తి కలుపుతాడు. అతని పనితనం చూసి, ఇంతటివాడివి బానిసవేమిటి, నిన్ను విడిపించుకుంటాను రమ్మంటాడు. కట్టప్ప ఒప్పుకోడు. తన పెద్దలు సింహాసనానికిచ్చిన మాట ఉందంటాడు. ఎప్పుడు అవసరమొచ్చినా తోడుంటానని మాటిచ్చి అస్లంఖాన్ వెళ్ళిపోతాడు. ఒకే ఒక్క దృశ్యం. ఆలోచిస్తే, అంత పెద్ద సినిమాలో కట్టప్ప బానిసత్వాన్ని ప్రశ్నించి, విడిపిస్తానని చెయ్యి చాపింది అతనొక్కడే. రాజ్యంలో ఉన్న మంచి రాజుకూ, మంచి రాణికీ, మంచి రాకుమారుడికీ ఆ ప్రశ్న రాలేదు. బయటివాడికి వచ్చింది. రెండో భాగంలో కట్టప్పకు అవసరమొచ్చింది. అస్లంఖాన్ రాలేదు.

ఇంకో మాట ఉంది. పారశీకుడు ఇక్కడికి కత్తులు అమ్మడానికి రావడం చరిత్రను తలకిందులు చేయడమే. కత్తి ఇక్కడిదే, కొనుక్కుపోయింది వాళ్ళు. డమాస్కస్ కత్తులకు గోలకొండ ఉక్కే కావాలని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే రాశాడు. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో ఉక్కు కాచేవాళ్ళు. 1820ల ప్రాంతంలో అక్కడికి పోయిన వోయిసీ అనే ఇంగ్లీషు సర్వే అధికారి, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పారశీక వర్తకుడు అక్కడే మకాం పెట్టి ఉక్కు కొంటుండటం చూసి రాసుకున్నాడు. అంటే అస్లంఖాన్ నిజంగానే వచ్చాడు. అతను వచ్చింది తెలంగాణ కమ్మరి కొలిమి దగ్గరికి. ఆ కమ్మరి కథ సినిమా అయితే కత్తి ఎంత గొప్పగా ఉండేది! సినిమా కమ్మరిని తీసేసి రాజును ఉంచింది. పనివాడు పోయాడు, వర్తకుడు పరాయివాడయ్యాడు, కత్తి మాత్రం సింహాసనం పక్కన మిగిలింది.

అదే సినిమాలో కాలకేయులున్నారు. నల్లటివాళ్ళు. వాళ్ళ భాష ఎవరికీ అర్థం కాకూడదని ప్రత్యేకంగా కిలికి అనే భాషను కట్టించారు. వాళ్ళు ముస్లింలని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. నల్లటివాళ్ళు, భాష తెలియనివాళ్ళు, బయటినుంచి వచ్చినవాళ్ళు, గుంపుగా చావాల్సినవాళ్ళు. ఈ ఖాళీ గడిలో ఎవరి పేరు రాసుకోవాలో చూసేవాడికే వదిలేశారు. తాండూరు గల్లీలో పిల్లలు మా అల్లుడి పేరు రాసుకున్నారు. ఇంకో ఊళ్ళో దళిత పిల్లవాడి పేరు రాసి ఉంటారు, ఏజెన్సీలో ఆదివాసీ పేరు.

2022లో ఆర్.ఆర్.ఆర్. అందులో కొమురం భీం ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో, మెకానిక్కుగా, ఒక ముస్లిం కుటుంబం నీడలో దాక్కుంటాడు. ఆ ఇంటి అన్నం తింటాడు. 2020 అక్టోబరులో టీజరులో టోపీతో, సుర్మాతో భీం కనబడగానే గొడవ. భీంకు ఆ టోపీ అవమానమన్నారు. సినిమాలో అది మారువేషం మాత్రమే. మారువేషంగా కూడా మా టోపీ బరువయింది.

ఇక్కడ మేం ఒక మాట దాచకూడదు. అసలు కొమురం భీం పోరాడింది నిజాం రాజ్యం మీదే. 1940లో జోడేఘాట్‌లో ఆయన్ను చంపింది ఆ రాజ్యపు పోలీసులే. రాజు ముస్లిం. ఆ సంగతి ముస్లింలుగా మేం చెప్పాలి, వేరేవాళ్ళు గుర్తుచేసేదాకా ఆగకూడదు. అట్లాగే ఇంకో సంగతి కూడా కలిపి చెప్పాలి. దొరకు ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముస్లిమే. రజాకార్లను రాతతో ఎదిరించినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపబడిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. రాసే చేతిని నరికారు. కత్తి మావాళ్ళ చేతిలో ఉండింది, మావాళ్ళ మీదా పడింది. 2024లో రజాకార్ పేరుతో వచ్చిన సినిమాతో మళ్ళీ ఒక్క కత్తే అందరి కళ్ళముందుకొచ్చింది. చేయి తెగినవాడిని నాయకుణ్ణి చేసి సినిమా ఎప్పుడు తీస్తారు?

దండెత్తి వచ్చినవాడు, సరుకు అమ్మవచ్చినవాడు, మారువేషం. మూడు సినిమాల్లో మూడు మంచి పాత్రలు. మూడింటిలోనూ మేం బయటినుంచే వచ్చాం, లేదా తొడిగి తీసేసే బట్టలమయ్యాం. ఈ నేల మీద పుట్టి, ఈ రాజ్యంలో బతికి, ఈ రాజు కొలువులో పనిచేసే సాయిబు తెలుగు కత్తుల సినిమాకు తెలియడు. చరిత్రకు బాగా తెలుసు. విజయనగరం రెండో దేవరాయల సైన్యంలో ముస్లిం సైనికులున్నారు. ఇబ్రహీం కుతుబ్‌షా గద్దె ఎక్కకముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. పొన్నికంటి తెలగన తొలి అచ్చ తెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితమిచ్చింది పటాన్‌చెరు అమీన్‌ఖానుకు. పటాన్‌చెరు మాకెంత దూరం? పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగిరావచ్చు.

టీవీలోనూ ఇదే కథ. 1988 నుంచి 1990 దాకా దూరదర్శన్‌లో వచ్చిన మహాభారత్‌కు మాటలు రాసింది రాహీ మాసూం రజా. అర్జునుడి వేషం వేసింది ఫిరోజ్‌ఖాన్. తర్వాత అర్జున్ అన్న పేరుతోనే బతికాడు. దేశమంతా ఆదివారం పొద్దున ఒక ముస్లిం చేతి గాండీవానికి దండం పెట్టింది. 1990లో టిప్పు సుల్తాన్ కత్తి పేరుతో సీరియల్ వచ్చింది. గొడవ కోర్టు దాకా పోయింది. ఇది కల్పన అని ప్రకటన వేసి మరీ చూపించాల్సి వచ్చింది. వేషం వేస్తే పేరు పోవాలి, పేరుతో వస్తే కథ అబద్ధమని రాసుకోవాలి.

ఇంతవరకు చదివి మా పిల్లలు చప్పట్లు కొడతారని తెలుసు. వాళ్ళతోనూ ఒక మాట ఉంది. 2020 లాక్‌డౌన్‌లో మా గల్లీల్లో ప్రతి ఫోనులో ఎర్తుగ్రుల్. తుర్కీవాళ్ళు 2014 నుంచి 2019 దాకా తీసిన సీరియల్, ఉర్దూ డబ్బింగు. గుర్రాలు, కత్తులు, తెగ గౌరవం. చూశారా, మాకూ ఒక బాహుబలి ఉన్నాడని మావాళ్ళు ఛాతీ విరుచుకున్నారు. నేనూ పది ఎపిసోడ్లు చూశాను. బాగానే ఉంది. కానీ ఎర్తుగ్రుల్ మాకేమవుతాడు? నాపరాయి దుమ్ము పీల్చి దగ్గుతున్న మా చాచాకు అనటోలియా గుర్రపురౌతు ఏ వరస? పరాయి రాజు కత్తి చూసి కాలకేయులమైన బాధ తీర్చుకోవడమంటే, గల్లీ ఆటలో మన చేతికి కత్తి వచ్చినప్పుడు ఇంకొకడిని కాలకేయుణ్ణి చేయడమే.

మేమెవరమో ప్రభుత్వ కాగితమే చెబుతుంది. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషను ఇచ్చిన చట్టం జాబితా తీసి చదవండి. గారడీ సాయిబులు, పాములవాళ్ళు, కనికట్టువాళ్ళు. అత్తరు సాయిబులు. హజాములు. ఫకీర్లు. తురకకాశ, రోళ్ళకు కక్కు కొట్టేవాళ్ళు, పత్తర్‌ఫోడ్లు. విఠలాచార్య సినిమాలో నిమ్మకాయ పేలితే డబ్బిచ్చి చూసిన ఊరే, బజారులో గారడీ సాయిబు గుడ్డ కింద పావురం చేస్తే చిల్లర వేయకుండా పోయింది. జానపద సినిమాకు కావాల్సిన మాయ అంతా ఈ జాబితాలో ఉంది. రాళ్ళు కొట్టేవాళ్ళున్నారు, మాయ చేసేవాళ్ళున్నారు, ఊరూరు తిరిగి కథ చెప్పేవాళ్ళున్నారు. లేనిది రాజు ఒక్కడే. మాకు లేని రాజును ఇస్తాంబులు నుంచి అరువు తెచ్చుకునే బదులు, ఉన్నవాళ్ళ కథ చెప్పుకుంటే ఎట్లా ఉంటుంది?

కత్తిని గురించి మా ఊళ్ళలో ఇంకో కథ కూడా ఉంది. మా అబ్బా పుట్టిన ఊరు వికారాబాద్ పక్కన చిన్న పల్లె. పీర్ల పండుగకు ఊరంతా వచ్చేది. పీరు ఎత్తుకునేవాళ్ళలో హిందువులే ఎక్కువ. అలావా చుట్టూ ఆడేది అన్ని కులాలవాళ్ళు. కర్రసాము, కత్తిసాము తిప్పేవాళ్ళు. అక్కడ మెరిసే కత్తులు సినిమా కత్తులకంటే అసలైనవి. కానీ ఆ పండుగ ఎవరి జ్ఞాపకం? 680లో కర్బలాలో నీళ్ళు దొరక్క, పిల్లలతో సహా కత్తికి బలైనవాళ్ళది. యుద్ధంలో గెలిచినవాడి పేరు మీద మా పల్లెలో ఒక్క పీరూ లేదు. ఓడినవాడి పేరు మీద ఎత్తుతారు, తెలుగులో పాడుకుంటారు, ఏడుస్తారు. కత్తికి ఎదురుగా నిలబడినవాడు వీరుడన్న ఈ లెక్క తెలుగు పల్లెకు తెలియంది కాదు. దాన్ని హిందూ ముస్లిం కలిసి కాపాడుకున్నారు. సినిమాకే ఇంకా తెలియదు.

దీన్ని చెబితే, ఓడిపోవడం గొప్ప అంటున్నావా అని అడుగుతారు. అనను. మా అబ్బా ముందుకు వంగి చూసింది గెలుపు కోసమే. పేదవాడికి తెర మీద దక్కే ఆ ఒక్క గెలుపును నేను లాక్కోను. ఆ గెలుపులో ఇంకో పేదవాడు కాలకేయుడు కాకూడదని మాత్రమే అడుగుతున్నాను.

మళ్ళీ గడపలో కూచున్న పిల్లవాడి దగ్గరికి. ఆ సాయంత్రం వాణ్ణి పక్కన కూచోబెట్టుకొని ఫోనులో మొదటి భాగం పెట్టాను. అస్లంఖాన్ వచ్చాడు. కట్టప్పతో కత్తి కలిపాడు. వాడి ముఖం వెలిగింది. ఆ దృశ్యాన్ని మూడుసార్లు వెనక్కి జరిపించుకొని చూశాడు. లేచి అట్టకత్తి తీసుకున్నాడు. "రేపటి సంది నేను అస్లంఖాన్ అయిత" అన్నాడు. గడప దాటబోయి వాళ్ళమ్మను చూసి ఆగాడు. ఆపా ఈసారి ఏమీ అనలేదు. వాడు చొక్కా లోపల కత్తి దాచుకొని బయటికి పోయాడు.

మరునాడు సాయంత్రం ఆట మధ్యలోంచే తిరిగొచ్చాడు. వాళ్ళు రెండో భాగం ఆడుతున్నారట. అందులో అస్లంఖాన్ లేడన్నారట.

"మామూ, వస్తనని మాట ఇచ్చిండు కదా, రెండో దాంట్ల ఎందుకు రాలే?" అని అడిగాడు.

నాకు తెలిసిన జవాబులన్నీ పైన రాశాను. వాడికి చెప్పగలిగింది వాటిలో ఒక్కటీ లేదు.